తేదీ రాసి పంపే మొక్క

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ప్లాంట్ సిటీ అని ఒక ఊరుంది. ఇసుక నేలలు, వేసవంతా వానలు, ఉక్కపోత. స్ట్రాబెర్రీకి తగిన చోటని ఎవరూ అనుకోరు. అయినా డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ చుట్టుపక్కల పొలాలు ఎర్రటి పండ్లతో నిండిపోతాయి. అక్కడి స్ట్రాబెర్రీ పండుగ 1930లో మొదలైంది. ఆ దేశపు స్ట్రాబెర్రీ పంటలో కాలిఫోర్నియా తర్వాతి స్థానం ఫ్లోరిడాదే.

అక్కడి రైతుల పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది మొక్క విషయంలో వాళ్లు పాటించే క్రమం. వేసవిలో తల్లిమొక్కలు తమ ఊళ్ల వేడికీ తెగుళ్లకూ తట్టుకోలేవని వాళ్లకు తెలుసు. కాబట్టి నారు పెంచే పని తమ మీద వేసుకోరు. కెనడా, ఉత్తర కాలిఫోర్నియా కొండలు, నార్త్ కరొలైనా వంటి చల్లటి చోట్ల నర్సరీలకు ముందే చెప్పి ఉంచుతారు. సెప్టెంబరు చివర, అక్టోబరులో అక్కడ మొక్కలు తవ్వుతారు. వేళ్లకు మట్టి ఉండదు, కుండీ ఉండదు. పెట్టెల్లో సర్దిన వట్టి వేళ్ల మొక్కలు చల్లటి లారీల్లో వేల కిలోమీటర్లు వచ్చి ఎత్తు మడుల్లోకి చేరతాయి. నాటాక దాదాపు పది రోజులు పగలంతా పైనుంచి సన్నటి తుంపర కొడతారు. మట్టిలో తేమ చాలినంత ఉన్నా, కొత్త వేరు పుట్టేదాకా ఆకు వాడిపోకుండా కాపాడడానికి ఆ తుంపర. ఎకరాకు సుమారు 17 వేల మొక్కలు. పంట అయ్యాక మొక్కల్ని తీసేస్తారు. మరుసటి ఏడాదికి మళ్లీ కొత్త మొక్క.

ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్ జిల్లాలోని మా ఆవపల్లి ఫ్లోరిడాకన్నా ఇంకా దక్షిణాన, భూమధ్యరేఖకు ఇంకా దగ్గరగా ఉంది. మే నెలలో మా ఎండకు స్ట్రాబెర్రీ మొక్క బతకదు. ఆ మాట నిజమే. కానీ నైరుతి వానలు అక్టోబరు నడుమకు వెనక్కి మళ్లుతాయి. నవంబరు నుంచి పగళ్లు కురచవుతాయి, రాత్రులు చల్లబడతాయి, ఆ చలి ఫిబ్రవరి దాకా నిలుస్తుంది. పగలు తక్కువై రాత్రి చల్లబడినప్పుడే పూమొగ్గ కట్టే రకాలకు ఈ నాలుగు నెలలు చాలు. నేల సంగతి చూస్తే మనకే అనుకూలం. స్ట్రాబెర్రీకి కాస్త పులుపున్న నేల కావాలి, ఉదజని సూచిక 5.5 నుంచి 6.5 మధ్య. మా బస్తర్ ప్రాంతంలో మర్హాన్, టిక్రా అని పిలిచే మెరక నేలలు చాలావరకు ఆ దరిదాపుల్లోవే, పైగా నీరు నిలవనివి. ఇళ్ల వెనక బాడీలు ఉండనే ఉన్నాయి. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తెచ్చిన పథకం పేరులోనే ఆ బాడీ ఉంది: నరవా, గరువా, ఘురువా, బాడీ. వాగు, పశువు, పెంటకుప్ప, పెరటితోట అన్నమాట. ఇదే రాష్ట్రపు ఉత్తర కొసన జశ్‌పూర్ రైతులు కొందరు వింటర్ డాన్ రకం వేసి పండిస్తున్నారు. ఆ రకం ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పుట్టిందే.

అంటే నేల, చలి, పెరడు అన్నీ ఉన్నాయి. ఇక్కడ లేనిది, మొక్క తవ్విన చోటు నుంచి నాటే చోటుకు చేరే మధ్యకాలాన్ని పట్టించుకునే అలవాటు.

మన దగ్గర ఇవాళ స్ట్రాబెర్రీ మొక్క ఎలా వస్తుందో చూడండి. ఫోనులో బొమ్మ కనపడుతుంది. బొమ్మలో అప్పుడే కోసిన పండ్లు. రకం పేరు చాలాసార్లు ఉండదు, ‘హైబ్రిడ్’ అని మాత్రం ఉంటుంది. డబ్బు కడతాం. ఏప్రిల్‌లో అడిగినా పంపుతారు, జూన్‌లో అడిగినా పంపుతారు. పార్సిల్ రాయపూర్ నుంచి జగదల్‌పూర్, అక్కడి నుంచి గీదం, బీజాపూర్ మీదుగా మా వైపు రావాలి. ఒక్క రాయపూర్-జగదల్‌పూర్ దారే దాదాపు 300 కిలోమీటర్లు, జగదల్‌పూర్ నుంచి బీజాపూర్ మరో 160 దాకా. నడుమ ఆదివారం పడితే పెట్టె ఒక గోదాములో, వాగు పొంగితే ఇంకో గోదాములో కూర్చుంటుంది. తెరిచేసరికి నల్లబడ్డ ఆకులు, బూజు పట్టిన మొదలు. అమ్మినవాడు పంపానంటాడు, చేరవేసినవాడు చేర్చానంటాడు, కొన్నవాడు మా ఊరికి ఇది పనికిరాదని తేల్చుకుంటాడు. ఈ ఆఖరి మాటే నాకు బాధ కలిగిస్తుంది. మొక్క దారిలో చచ్చిపోతే నింద ఊరి మీద పడుతోంది.

ఇంకోరకం మోసం విత్తనాలది. నీలిరంగు స్ట్రాబెర్రీ విత్తనాలు, నల్లరంగు విత్తనాలు అని బొమ్మలకు రంగులద్ది అమ్ముతున్నారు. నీలిరంగు స్ట్రాబెర్రీ ఈ లోకంలో లేదు. తోటల్లో పెంచే రకాలు విత్తనంతో తల్లిని పోలి రావు. తల్లిమొక్క నుంచి నేల మీద పాకే తీగ కణుపు దగ్గర వేరు తొడిగి పిల్లమొక్క అవుతుంది, ఆ పిల్లే అసలు రకం. స్ట్రాబెర్రీ కొనేవారు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

పార్సిల్లో మొక్క పంపించుకోవడం అమెరికాలో పాత వ్యవహారం. మిస్సోరీలో స్టార్క్ బ్రదర్స్ అనే నర్సరీ 1816 నుంచి ఉంది. 1913 జనవరి 1న అక్కడి తపాలా శాఖ పార్సిల్ సేవ మొదలుపెట్టాక మారుమూల రైతుకు కూడా ఇంటి గుమ్మం దాకా పెట్టె రావడం మామూలైంది. ఇందులో మనం వెనకబడ్డామని అనుకోనక్కర్లేదు. సరుకు అందాకే డబ్బు కట్టే వీపీపీ మన తపాలాలో 1877లోనే ఉంది, వాళ్లకన్నా 36 ఏళ్ల ముందు. పెట్టెను ఊరికి చేర్చడం మనకు తెలుసు. పెట్టెలో ఉన్నది ప్రాణమున్న వస్తువని దాని చుట్టూ ఒక క్రమం అల్లుకోవడమే జరగలేదు.

ఆ క్రమం ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి. మసాచుసెట్స్‌లో నోర్స్ ఫార్మ్స్ అని 1932 నుంచి నడుస్తున్న నర్సరీ ఒకటి ఉంది. అలాంటి నర్సరీలు స్ట్రాబెర్రీని 25 మొక్కల కట్టలుగా అమ్ముతాయి. శీతాకాలం మొదట్లో మొక్క నిద్రలోకి జారుకున్నాక తవ్వి, మట్టి వదిలించి, పాత ఆకులు తీసేసి, కట్టలు కట్టి, సున్నాకన్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువ చలిలో దాచిపెడతారు. నెదర్లాండ్స్‌లో ఇలా దాచిన మొక్కను ‘ఫ్రిగో’ అంటారు, నెలల తరబడి ఉంచుతారు. వేసవి మొదట్లో దాన్ని తీసి నాటితే అరవై రోజుల్లో పండు కోస్తారు. కొనేవారు చలికాలంలోనే చెప్పి ఉంచుతారు. పంపే తేదీని నర్సరీ తన వీలును బట్టి పెట్టదు. కొనేవారి ఊళ్లో మంచు ఎప్పుడు విడుస్తుందో, నేల ఎప్పుడు దున్నకానికి వస్తుందో చూసి పెడుతుంది. దక్షిణాది రాష్ట్రాలకు ముందు, ఉత్తరాదికి తర్వాత. ఫలానా వారంలో వస్తుందని ముందే తెలుస్తుంది కాబట్టి ఇంట్లో మడి సిద్ధంగా ఉంటుంది. మొక్క వచ్చాక గునపం వెతుక్కోవడం ఉండదు.

పెట్టెలో ఒక కాగితం ఉంటుంది. అందులోని మాటలు మనకూ పనికొచ్చేవే. పెట్టె వచ్చిన రోజే విప్పి చూడాలి. ఆ రోజే నాటలేకపోతే తడి ఆరకుండా చుట్టి చల్లటి చోట ఉంచాలి, ఫ్రిజ్ ఉంటే అందులో. నాటేముందు వేళ్లను కొద్దిసేపు నీళ్లలో నానబెట్టాలి, గంటకు మించి ఉంచితే వేరు కుళ్లుతుంది. నాటుతున్నంతసేపూ కట్ట నీడలో, తడిగోనె కింద ఉండాలి. పావుగంట ఎండ తగిలితే సన్నవేళ్లు పోతాయి. ఆ తర్వాత అసలు సంగతి, లోతు. ఆకులు పుట్టే మొదలు సరిగ్గా నేలమట్టానికి ఉండాలి. ఒక్క అంగుళం లోతుకు పోయినా చిగురు మట్టిలో కూరుకుపోయి కుళ్లుతుంది. పైకి తేలితే వేరు ఎండుతుంది. గుంట నిలువుగా తీసి, వేళ్లు మడతపడకుండా విసనకర్రలా పరిచి, మట్టి వేసి చేత్తో గట్టిగా నొక్కాలి. ఆకును పట్టి మెల్లగా లాగితే మొక్క కదలకూడదు. తొలి పూలు గిల్లేయాలి. ఏళ్ల తరబడి ఉంచే తోటల్లో వాళ్లు మొదటి ఏడాది పూలన్నీ తీసేస్తారు. మనది నాలుగు నెలల పంట కాబట్టి మొక్క నిలదొక్కుకునే దాకా వచ్చిన పూలు తీస్తే సరిపోతుంది.

ఈ కాగితం మన దగ్గర ఏ పెట్టెలోనూ నేను చూడలేదు. దాన్ని అచ్చువేయడానికి పెద్ద ఖర్చు లేదు. తెలుగులో ఒక పేజీ, హిందీలో ఒక పేజీ, మొదలు ఎక్కడిదాకా మట్టిలో ఉండాలో చూపే బొమ్మ ఒకటి. గోండీ, దోర్లీ మాట్లాడే ఇళ్లలో చదవడం రాని పెద్దవాళ్లకు ఆ బొమ్మే చాలు.

మొక్క ప్రయాణం ఎంత జాగ్రత్త కోరుతుందో స్ట్రాబెర్రీ చరిత్రే చెబుతుంది. ఇవాళ మనం తినే పెద్ద పండు అడవిలో దొరికింది కాదు. 1712లో ఫ్రెంచి ప్రభుత్వం అమెదే ఫ్రెజియే అనే సైనిక ఇంజనీరును దక్షిణ అమెరికా తీరం చూసి రమ్మని పంపింది. చిలీలో కాన్సెప్సియోన్ దగ్గర గుడ్డంత పండు కాసే స్ట్రాబెర్రీని చూసి, తిరుగు ప్రయాణంలో మొక్కల్ని ఓడ ఎక్కించాడు. ఆరు నెలల సముద్రయానం. మంచినీరు లెక్కగట్టి పంచే ఓడలో మొక్కకు నీళ్లు పోయాలంటే సరుకుల అధికారి ఒప్పుకోవాలి. 1714లో మార్సెయ్ రేవు చేరేసరికి అయిదు మొక్కలు బతికాయి. నీళ్లు ఇచ్చినందుకు ఆ అధికారికి రెండు ఇచ్చాడు. ఒకటి పారిస్‌లోని రాజుగారి తోటకు, ఒకటి తన పై అధికారికి, ఒకటి తనకు. ఇంత చేస్తే ఆ మొక్కలు విరగబూశాయి గాని కాయలేదు. అవన్నీ ఆడమొక్కలు. పెద్ద పండు కాసేవే ఏరి తెచ్చాడు, పుప్పొడి ఇచ్చే మొక్క పక్కన ఉండాలని ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. కొన్ని దశాబ్దాల తర్వాత బ్రిటనీ తీరంలో ఉత్తర అమెరికా స్ట్రాబెర్రీ పక్కన పెట్టినప్పుడు కాపు వచ్చింది. ఆ రెంటి కలయికే నేటి తోట స్ట్రాబెర్రీ అని 1766లో అంత్వాన్ దుషేన్ అనే యువకుడు తేల్చాడు. మొక్క పేరు, దాని స్వభావం తెలియకుండా మొక్క ఒక్కటే ప్రయాణిస్తే ఏమవుతుందో యూరప్ అలా అనుభవం మీద నేర్చుకుంది.

బహుశా అందుకే అక్కడ ఇప్పుడు మొక్కకు పాస్‌పోర్టు ఉంది. 2019 డిసెంబరు 14 నుంచి యూరప్ దేశాల కూటమిలో నాటడానికి అమ్మే మొక్కల వెంట చిన్న చీటీ ఉండాలి. మొక్క శాస్త్రీయ నామం, పంపిన నర్సరీ నమోదు సంఖ్య, ఏ మడి నుంచి వచ్చిందో తెలిపే గుర్తు, పుట్టిన దేశం. పక్కవీధి దుకాణంలో చూసి కొనుక్కునే ఇంటివారికి ఈ చీటీ తప్పనిసరి కాదు. దూరం నుంచి తెప్పించుకునేవారికి మాత్రం తప్పనిసరి. కళ్లతో చూసి కొనేవాడికి తన కళ్లే హామీ, చూడకుండా కొనేవాడికి కాగితం హామీ కావాలి అన్న ఆలోచన అందులో ఉంది. నెదర్లాండ్స్‌లో నాక్‌ట్యూన్‌బౌ అనే సంస్థ నర్సరీ మడుల్ని తనిఖీ చేస్తుంది.

వాళ్ల పద్ధతిలో లోపాలు లేవని కాదు. కాలిఫోర్నియా తోటలు ఓజోన్ పొరను దెబ్బతీసే మిథైల్ బ్రోమైడ్ వాయువును నేలలోకి ఎక్కిస్తూ, మినహాయింపుల మీద మినహాయింపులు తెచ్చుకుంటూ 2016 దాకా వాడాయి. ఆ దారి మనకు అక్కర్లేదు. ఫ్లోరిడాలో 2017 తర్వాత నియోపెస్టలోటియాప్సిస్ అనే శిలీంధ్ర తెగులు తోటల్ని బాగా దెబ్బతీసింది, అది నర్సరీ మొక్కలతో పాటే ప్రయాణం చేసేది. ఒకే చోటి నుంచి లక్షల మొక్కలు తెచ్చుకోవడంలో ఉన్న ముప్పు అది. కానీ ఏ మొక్క ఏ నర్సరీదో రాసి ఉన్న చోట తెగులు మూలాన్ని వెతకడానికి దారి ఉంటుంది. రాత లేని చోట తెగులు వచ్చిందన్న సంగతి కూడా తెలియకుండానే ఏడాది గడిచిపోతుంది.

మన దేశంలో స్ట్రాబెర్రీ అంటే మహాబలేశ్వర్. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి రైతులు విదేశాల నుంచి తల్లిమొక్కలు తెప్పించి, వానాకాలంలో పిల్లమొక్కలు పుట్టించి, వానలు తగ్గాక పొలంలో నాటుతారు, ఇతర ప్రాంతాలకూ అమ్ముతారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి చుట్టుపక్కల తోటలకు మొక్కలు ఆ మహారాష్ట్ర వైపు నుంచే వస్తున్నాయి. లంబసింగి చలి చూడడానికి వచ్చే పర్యాటకులు తోటలోనే పండు కొనుక్కుని పోతున్నారు. మనకు నేర్పగలవాళ్లు ఇంత దగ్గరలో ఉన్నారు. లంబసింగి వేల అడుగుల ఎత్తున ఉంది, ఆవపల్లి పల్లంలో ఉంది. వాళ్లకు మార్చి దాకా హాయిగా సాగే కాపు మనకు ఫిబ్రవరి చివరికే సన్నగిల్లవచ్చు. అందుకే మనకు నాటే తేదీ వాళ్లకన్నా ఎక్కువ విలువైనది. దసరా వెళ్లగానే నాటిన మొక్కకూ, నవంబరు చివర నాటిన మొక్కకూ మధ్య పోయేది నెల రోజుల చలి. ఆ నెల మళ్లీ రాదు.

తెలుగువాళ్లకు మొక్క పంపే విద్య తెలియదని ఎవరూ అనలేరు. కడియం, కడియపులంక నర్సరీల లారీలు దేశమంతా తిరుగుతున్నాయి. అక్కడ మొక్కను వేరు చుట్టూ మట్టిముద్దతో, సంచితో పంపుతారు. మామిడి లాంటి వాటికి మన ఎండల్లో అదే సరైన పద్ధతి, వట్టి వేళ్లతో పంపితే అవి బతకడం కష్టం. స్ట్రాబెర్రీకి చల్లటి లారీ లేనప్పుడు ఆ విద్యనే కాస్త మార్చుకోవచ్చు: చిన్న గుంతల ట్రేలో, కొబ్బరి పొట్టులో వేరూనిన పిల్లమొక్క. బరువు కొంచెం పెరుగుతుంది, ధర కొంచెం పెరుగుతుంది, దారిలో నాలుగు రోజులు పట్టినా ప్రాణం నిలుస్తుంది. ఆవపల్లి లాంటి ఊరికి వట్టి వేళ్ల కట్టకన్నా ట్రే మొక్కే మేలని నా అభిప్రాయం.

తేదీ అలవాటు కూడా మనకు కొత్తది కాదు. బీజాపూర్ జిల్లా నుంచి ఏటా మిరపకోతలకు తెలంగాణకు వెళ్లివచ్చే వాళ్లు మా ఊళ్లలో ఎందరో ఉన్నారు. మిరప రైతు నారు ఎలా తెచ్చుకుంటాడో వాళ్లను అడగండి. షేడ్‌నెట్ నర్సరీకి పోయి ఫలానా కంపెనీ, ఫలానా రకం, ఇన్ని మొక్కలు, ఫలానా వారానికి కావాలని బయానా ఇచ్చి వస్తాడు. ఆ రోజుకు పొలం దున్ని, బోదెలు తీసి, నీళ్లు సిద్ధం చేసుకుని ఉంటాడు. రకం పేరు తప్పితే నిలదీస్తాడు. అదే పట్టుదల పెరటి మొక్క దగ్గర ఎందుకు చూపించం? మిరపను పంటగానూ, స్ట్రాబెర్రీని సరదాగానూ చూడడం వల్లే అనుకుంటాను. సరదాగా కొన్నది చచ్చిపోయినా ఎవరూ అడగరు, అడగనిదే అమ్మేవాడి పద్ధతి మారదు.

పల్లెలో ఒక్కరు పది మొక్కలు తెప్పించుకుంటే ఖర్చంతా రవాణాకే పోతుంది. ‘బిహాన్’ పథకం కింద నడుస్తున్న మహిళా బృందాలు ఒక ఊరికి ఒకటే పెట్టె తెప్పించుకుంటే లెక్క మారుతుంది. ఆగస్టులో పేర్లు రాసుకోవచ్చు, సెప్టెంబరులో మడులు ఎత్తు చేసి, మాగిన పెంట ఎరువు కలిపి ఉంచవచ్చు. పెట్టె బీజాపూర్‌లో దిగిన రోజే ఒకరు వెళ్లి తెచ్చుకోవచ్చు. సాయంత్రం చల్లబడ్డాక నాటి, మొదటి పది రోజులు తాటాకో కొమ్మలో పైన పందిరి వేసి, మధ్యాహ్నం చేత్తో నీళ్లు చిలకరిస్తే ఫ్లోరిడా తుంపరకు అది చాలినంత బదులు. పండు మట్టికి తగలకుండా కింద వరిగడ్డి పరిస్తే ప్లాస్టిక్ కవరు అక్కర్లేదు, ఇంగ్లండులోనూ గడ్డే పరిచేవారు.

మొదటి ఏడాదే అమ్మకం మీద ఆశ పెట్టుకోవద్దని మాత్రం చెబుతాను. స్ట్రాబెర్రీ కోశాక మగ్గదు, రెండు మూడు రోజులకు మించి నిలవదు, గంపలో కుదిపితే నలిగిపోతుంది. ఇంటి పిల్లలకు, ఆశ్రమ పాఠశాల వంటగదికి, మిగిలితే సంతకు. అంతవరకు చేయి తిరిగాకే ఎకరాల మాట.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం శుభ్రమైన మొక్కల కార్యక్రమానికి ఆమోదం తెలిపింది. 1,765.67 కోట్ల రూపాయలు, తొమ్మిది కేంద్రాలు. వైరస్ లేని తల్లిమొక్కల్ని తయారుచేసి నర్సరీలకు అందించడం దాని ఉద్దేశం. మంచి పని. అయితే తల్లిమొక్క ఎంత శుభ్రమైనదైనా, పిల్లమొక్క చివరి వంద కిలోమీటర్లు తేదీ లేని పెట్టెలో ప్రయాణిస్తే ఆ శుభ్రత బాడీ దాకా చేరదు. బీజాపూర్ కృషి విజ్ఞాన కేంద్రం, ఉద్యానశాఖ కలిసి ఈ చివరి దారిని చూసుకోవాలి. ఏటా ఆగస్టులో గ్రామాల వారీగా కోరికలు రాసుకుని, మంచి పేరున్న ఒక నర్సరీకి ఒకే ఆర్డరు ఇచ్చి, అక్టోబరు రెండో పక్షంలో ఒకే రోజు పంపిణీ చేయడానికి కొత్త చట్టం గాని, పెద్ద నిధి గాని అక్కర్లేదు.

కొనేవారు చేయాల్సింది ఒకటుంది. డబ్బు కట్టేముందు అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి: రకం పేరేమిటి, ఏ నర్సరీలో పెరిగింది, ఏ రోజు తవ్వి పంపుతారు. జవాబు రాతలో తీసుకోండి. రాసి ఇవ్వనివారి దగ్గర కొనకండి.